బడి ఆర్వో లైను: ఇరవై ఐదు పుష్ ఫిట్ జాయింట్ల డైరీ

చోటు: నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ప్రాథమిక బడి, వంటగది పక్క వరండా. సమయం: మే నెల, ఎండాకాలం సెలవులు. జూన్‌లో బడి తెరిచేలోపు పని అయిపోవాలి.

మెషిన్ గంటకు 25 లీటర్లది. పైన స్లాబు మీద 500 లీటర్ల ట్యాంకు. అక్కడి నుంచి 9 మీటర్ల పావంగుళం పైపు గోడ వెంబడి కిందికి దిగి ముందు బౌలులోకి (మొదటి వడపోత గిన్నెలోకి) వస్తుంది. తర్వాత వరసగా సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు, సోలినాయిడ్ వాల్వ్ (పంపు ఆగితే నీళ్లను మూసే కరెంటు వాల్వు), 24 వోల్టుల పంపు, 80 జీపీడీ (రోజుకు 80 గ్యాలన్లు) మెంబ్రేన్లు రెండు, వదిలేసే నీళ్లు పోయే రిజెక్టు లైనులో 800 ఎఫ్‌ఆర్ (నిమిషానికి 800 మిల్లీలీటర్లే వదిలే సన్న రంధ్రపు ముక్క), మంచినీళ్ల లైనులో పోస్ట్ కార్బన్, చివర మూడు నల్లాల స్టీలు డ్రమ్ము. 80 గ్యాలన్లంటే రోజుకు 303 లీటర్లు, గంటకు 12.6. రెండు మెంబ్రేన్లకు కలిపి 25. పంపు బాగుంది, మెంబ్రేన్లు బాగున్నాయి. పాడైంది పుష్ ఫిట్ జాయింట్లే, అంటే పైపును దూర్చితే చాలు పట్టుకునే జాయింట్లు. చెక్కబోర్డు కింది అంచు నాని ఉబ్బింది, గోడకు చెమ్మ పట్టింది, సగం జాయింట్ల మీద తెల్ల టేపు చుట్లు, ఎం-సీల్ ముద్దలు కనిపిస్తున్నాయి.

ఈ బోరు నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. తాగునీటికి దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1.0 దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు దించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరు వచ్చింది ఈ జిల్లా మీదుగానే. అది మంచి పద్ధతే, కానీ రోజూ కొలత తప్పకుండా కలిపే మనిషి ఉండాలి. మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా వచ్చిన రోజు పిల్లలు ఆ నీళ్లే తాగాలి, ఆర్వో వాటికి అక్కర్లేదు. అవి రాని రోజు బోరు నీళ్లు తాగకుండా ఉండడానికే ఈ మెషిన్. అందుకే లీకు చిన్నదే కదా అని వదిలేయడానికి లేదు. బోర్డు కింద మడుగు కడితే ఎవరో ఒకరు వాల్వు కట్టేస్తారు, పిల్లలు బోరు నల్లా దగ్గరికి పోతారు.

1వ రోజు: ముట్టుకోకముందు

ముందు ఏదీ పీకలేదు. పైపు కొస ఫిట్టింగులోకి దిగిన ప్రతి చోటికీ నీళ్లు పోయే వరసలో నంబరు వేశాం. ట్యాంకు కింది వాల్వు 1. బౌలు 2, 3. సెడిమెంట్ 4, 5. కార్బన్ 6, 7. సోలినాయిడ్ 8, 9. పంపు 10, 11. మొదటి మెంబ్రేన్ ఇన్‌లెట్, రిజెక్టు 12, 13. రెండో దానివి 14, 15. ఎఫ్‌ఆర్ 16, 17. మంచినీళ్లు బయటికొచ్చే చోట్లు 18, 19. రెండింటినీ కలిపే మూడు నోళ్ల టీ ఫిట్టింగుకు 20, 21, 22. పోస్ట్ కార్బన్ 23, 24. డ్రమ్ము 25. పంపుకు ముందు పది, తర్వాత పదిహేను. ఈ గీత గుర్తుంచుకోవాలి. గీతకు అటూ ఇటూ లీకుల స్వభావమే వేరు.

తడి ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. నీటిబొట్టు పైపు వెంట జారి, ఎల్బో మూల తిరిగి, నాలుగు అంగుళాల అవతల రాలుతుంది. రాలిన చోటు ఫిట్టింగును మారిస్తే లీకు అట్లాగే ఉంటుంది. బడిలో చాక్‌పీసులకు కొదవ లేదు కాబట్టి ఇట్లా చేశాం: జాయింటును పాత నూలు గుడ్డతో ఎండేదాకా తుడవాలి, చాక్‌పీసు పొడిని వేలితో జాయింటు చుట్టూ పలచగా పూయాలి, పది నిమిషాలు వదిలేసి ఫోను టార్చి వేసి చూడాలి. తెల్లపొడిలో తడి తగిలిన చోట బూడిదరంగు గీత పడుతుంది. పైపు, ఫిట్టింగు నోటి రింగు కలిసే చోట పడితే లీకు పైపు వైపు. ఫిట్టింగు మర మెంబ్రేన్ హౌసింగులోకి దిగిన చోట పడితే లీకు మర వైపు. రెండింటికీ మందు వేరు.

ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి: పంపు ఆగి ఉన్నప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఒకసారి. ఒకసారే చేస్తే సగం లీకులు దొరకవు. పంపు ఆగితే 1 నుంచి 8 దాకా ట్యాంకు నీటి బరువంతా జాయింట్ల మీదే నిలబడి ఉంటుంది. మన దగ్గర 4.5 మీటర్ల ఎత్తు, అంటే సుమారు 0.45 బార్ ఒత్తిడి. పంపు నడిస్తే అదే పంపు ఆ నీళ్లను లాగేస్తుంది కాబట్టి అక్కడ కారడం ఆగిపోతుంది. 11 నుంచి 16 దాకా తిరగేసి జరుగుతుంది. పంపు ఆగితే ఎండినట్టే ఉంటాయి, నడిస్తే 80 పీఎస్‌ఐ ఒత్తిడి పడి కారుతాయి. 7వ నంబరు ఆగినప్పుడే కారింది, 12వ నంబరు నడిచినప్పుడే కారింది.

లెక్క తేలింది: 2, 7, 11, 12, 13, 14, 20, 22, 23. తొమ్మిది తడి, పదహారు పొడి.

2వ రోజు: తొమ్మిదింటినీ విప్పి చూడడం

పుష్ ఫిట్ లోపల ఏముందో తెలిస్తే టేపు, ఎం-సీల్ ఎందుకు పనికిరావో కూడా తెలుస్తుంది. పైపు దూర్చగానే ముందు తగిలేది నోటి దగ్గరి ప్లాస్టిక్ రింగు, కాలెట్. దాని లోపలి అంచుకు సన్నని స్టీలు పళ్లు ఉంటాయి. దాని వెనక ‘ఓ రింగు’, అంటే ఇంగ్లీషు O ఆకారంలో ఉండే రబ్బరు వలయం. ఆ వెనక పైపు ఆగే గట్టు. పళ్లు పైపును పట్టుకుంటాయి, నీళ్లను ఆపేది ఓ రింగు. నీటి ఒత్తిడి పైపును బయటికి తోసినకొద్దీ కాలెట్ కూడా బయటికి జరిగి పళ్లు ఇంకా గట్టిగా కరుస్తాయి. అంటే నీళ్లు ఆగాల్సింది లోపల, ఓ రింగు పైపు చర్మాన్ని తాకే సన్నని వలయంలో. బయట ముద్ద పెడితే ఆ వలయం బాగుపడదు, రింగు కదలకుండా పోతుంది అంతే. ఇక పైపుకు టేపు చుట్టి దూరిస్తే ఆ టేపు ఓ రింగు కింద ముడతపడి కొత్త దారి తెరుస్తుంది. ఎం-సీల్, టేపు రెండూ మంచి సామానే. వాటి చోటు ఇది కాదు.

విప్పేముందు ఒత్తిడి దించాలి. వాల్వు కట్టేసి, పంపు స్విచ్చి తీసేసి, ముందు బౌలు కొద్దిగా వదులు చేస్తే నీళ్లు దిగిపోతాయి. ఒత్తిడి ఉండగా కాలెట్ నొక్కుకోదు, బలవంతంగా లాగితే పైపు చర్మం చీరుకుపోతుంది. రింగు వెనక నీలం లాక్ క్లిప్పు ఉంటే తీయాలి, రెండు గోళ్లతో రింగును రెండు వైపులా సమానంగా ఫిట్టింగు వైపు నొక్కిపట్టాలి, పైపును ముందు కొద్దిగా లోపలికి తోసి తర్వాత నిటారుగా లాగాలి. ఒక వైపే నొక్కితే రెండో వైపు పళ్లు వదలవు.

ఇక్కడ రెండు రింగులు నొక్కినా కదలలేదు. రింగు చుట్టూ తెల్లటి ఉప్పు పొర రాయిలా పేరుకుంది. బోరు నీళ్లలో ఉన్న సున్నం అది. గోరువెచ్చని నీళ్లు లీటరుకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి ఆ రింగుకు అరగంట చుట్టి ఉంచితే పొర కరిగి కదిలాయి. పానాతో కొడితే రింగు చెవులు విరుగుతాయి, ఆ తర్వాత ఆ ఫిట్టింగు పనికిరాదు.

తీసిన పైపు కొసలను వరసగా పాత వార్తాపత్రిక మీద నంబర్లతో పేర్చాం. లీకుకు కారణం చాలావరకు ఫిట్టింగులో కాదు, ఈ కొసల్లోనే ఉంటుంది.

7, 13, 14: పైపు పూర్తిగా దిగలేదు. పళ్ల గుర్తు కొస నుంచి ఎంత దూరంలో పడిందో చూస్తే తెలిసిపోతుంది. పైపు ఓ రింగు దగ్గరికి రాగానే చేతికి గట్టిగా తగులుతుంది. చాలామంది అదే చివర అనుకుని ఆపేస్తారు. పళ్లు అప్పటికే పట్టుకున్నాయి కాబట్టి లాగితే రాదు, బిగిసిందనే అనిపిస్తుంది. ఓ రింగు మాత్రం పైపు అంచు మీద సగం ఎక్కి కూర్చుంటుంది. అక్కడి నుంచి ఇంకో తోపు తోయాలి, అప్పుడు ‘టక్’మని గట్టుకు తగులుతుంది. 13, 14 ఒకే పైపు ముక్కకు రెండు కొసలు. ముక్క పొట్టిగా కోయడంతో రెండు వైపులా చాలలేదు. కొత్తది 3 సెం.మీ. పొడవుగా కోశాం.

12: కొస మీద పొడవునా వెంట్రుకంత గీత. టార్చి పక్క నుంచి వేసి తిప్పితేనే మెరిసింది. ఎప్పుడో మెంబ్రేన్ మార్చేటప్పుడు రింగు నొక్కకుండా లాగి ఉంటారు, స్టీలు పళ్లు గీరాయి. చుట్టూ అడ్డంగా పడిన గుర్తు అంత ప్రమాదం కాదు. పొడవునా పడిన గీత ఓ రింగు కింద నుంచి ఇటూ అటూ సొరంగంలా ఉంటుంది, 80 పీఎస్‌ఐ దగ్గర నీళ్లు ఆ దారి పడతాయి. అందుకే ఒకసారి తీసిన పైపును మళ్లీ పెట్టేముందు కొస 2 సెం.మీ. కోసి పారేయాలి. దీనికి మినహాయింపు లేదు.

20: ఏటవాలు కోత. కటింగ్ ప్లేయర్‌తో నొక్కి కోసినట్టుంది, కొస గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా అణిగింది. ఓ రింగు గుండ్రం, పైపు గుడ్డు. రెండు పక్కల ఖాళీ. పైగా అణిగిన వాడి అంచు ఓ రింగును కోసింది కూడా. ఈ టీని మార్చక తప్పలేదు.

22, 23: ఇది దొరకడానికే ఎక్కువసేపు పట్టింది. కోత బాగుంది, లోతు బాగుంది, గీత లేదు. వర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 6.0 మి.మీ. పావంగుళం పైపు బయటి కొలత 6.35. ఎయిర్ కంప్రెసర్ పనులకు వాడే 6 మి.మీ. పైపు అది. పళ్లు దాన్ని పట్టుకుంటాయి, కాబట్టి ఊడిరాదు. ఓ రింగుకు మాత్రం ఆనీ ఆనక ఉంటుంది. వేలికి 0.35 మి.మీ. తేడా తెలియదు, కాలిపర్ కావాలి. కాలిపర్ లేకపోతే పైపు మీద అచ్చువేసిన కొలత చదవాలి, ఏ అచ్చూ లేని పైపు కొనకూడదు.

2: పైపులో తప్పు లేదు, దారిలో ఉంది. పైనుంచి దిగిన పైపు బౌలు ఎల్బోలోకి దూరగానే ఒక్క అంగుళంలోనే పక్కకు వంగింది. వంపు పైపును ఒక పక్కకు లాగుతుంటే ఓ రింగు ఒక వైపు నలిగి, రెండో వైపు వదులవుతుంది. ఫిట్టింగు నోటి నుంచి కనీసం 5 సెం.మీ. పైపు నిటారుగా రావాలి. చోటు లేకపోతే పైపును వంచకుండా ఇంకో ఎల్బో పెట్టుకోవాలి.

11: చాక్‌పీసు పొడి ముందే చెప్పింది, లీకు మర వైపు. పంపు మూతిలోకి దిగిన ఎల్బో మర వదులుగా ఆడుతోంది. మరల్లో బీఎస్‌పీ, ఎన్‌పీటీ అని రెండు రకాలు: పావంగుళం బీఎస్‌పీ మరలో అంగుళానికి 19 చుట్లు, ఎన్‌పీటీలో 18. ఒకదాంట్లో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి, ఆ తర్వాత బిగుసుకుంటాయి. బలవంతం చేస్తే ప్లాస్టిక్ మూతి చీలుతుంది. మూతి ఎట్లాంటిదో చూసి దానికి సరిపడే ఎల్బో తెచ్చాం. టెఫ్లాన్ టేపు పనికొచ్చేది ఇక్కడే: మర ఎక్కే దిశలోనే 7 చుట్లు, మొదటి మర వదిలేసి. చేత్తో బిగిసేదాకా, ఆపైన పానాతో ఒక్క చుట్టు లోపే.

3వ రోజు: కోసి దూర్చడం

తెచ్చిన సామాను: పావంగుళం ఎల్‌ఎల్‌డీపీఈ పైపు 10 మీటర్లు, పావంగుళం మర–పావంగుళం పైపు ఎల్బోలు 6, టీ 1, లాక్ క్లిప్పులు 30, పైపు కట్టర్ 1, సిలికాన్ గ్రీజు చిన్న డబ్బా 1, స్పన్ క్యాండిల్ (మట్టిని ఆపే వడపోత కడ్డీ) 1. ఎల్బోలు లెక్కకు రెండు ఎక్కువే తెచ్చుకోవాలి. ఒక్కదాని కోసం నల్గొండ దాకా పోయి రావడమంటే అరరోజు పోయినట్టే.

పైపు కోతకు బ్లేడు కట్టర్ వాడాలి. అది లేకపోతే కొత్త షేవింగ్ బ్లేడు, పైపును చెక్క మీద పెట్టి తిప్పుతూ కోయాలి. హ్యాక్‌సా బ్లేడు నూగు వదులుతుంది, ఆ నూగు పోయి ఎఫ్‌ఆర్ సన్న రంధ్రంలో ఇరుక్కుంటుంది. కోసిన కొసను వేలిగోరుతో చుట్టూ తడమాలి. గోరుకు ఏదైనా తగిలితే మళ్లీ కోయాలి. పైపు చుట్ట నుంచి తీసినది వంకరగా ఉంటే ఆ ముక్కను గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి చేత్తో సరిచేసుకోవాలి.

లోతు కొలత: ఒక కొత్త ఫిట్టింగులో పైపును గట్టు తగిలేదాకా దూర్చి, రింగు అంచున పెన్నుతో గీత పెట్టి, తీసి కొలవాలి. ఇక్కడి ఫిట్టింగులకు 16 మి.మీ. వచ్చింది. తయారీని బట్టి ఒకటి రెండు మి.మీ. తేడా ఉంటుంది కాబట్టి ఇంకొకరి కొలత తీసుకోవద్దు. ఆపైన ప్రతి కొసకూ 16 దగ్గర గీత పెట్టి దూర్చాం. గీత రింగు అంచు దాకా వచ్చిందంటే దిగినట్టు, గీత బయట కనిపిస్తే దిగనట్టు. రేపు బడిలో ఎవరు చూసినా తెలిసేలా చెరిగిపోని పెన్నే వాడాం.

కొస దూరడానికి నీళ్లతో తడిపితే చాలు. గట్టిగా ఉంటే సిలికాన్ గ్రీజు చుక్క. వాసెలిన్, కొబ్బరినూనె రాయకూడదు. ఈ ఓ రింగులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. నూనె తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. ఆ రోజు బిగుతుగా అనిపిస్తుంది, నెలల్లో సాగిపోతాయి.

దూర్చాక ఒకసారి గట్టిగా వెనక్కి లాగాలి. రింగు ఒకటి రెండు మి.మీ. బయటికి వస్తుంది. ఆ సందులోనే క్లిప్పు పెట్టాలి. లాగకుండా పెడితే క్లిప్పుకు చోటుండదు. క్లిప్పు లేకపోతే పంపు మొదలైన ప్రతిసారీ వచ్చే కుదుపుకు కాలెట్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది, 11, 12 లాంటి చోట్ల పైపు పూటకింత బయటికి జరుగుతుంది. ఇరవై ఐదింటికీ పెట్టాం, ఇంతకుముందు నాలుగింటికే ఉన్నాయి.

సాయంత్రానికి తొమ్మిదీ పొడి. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం ముక్క అతికించి రాత్రంతా వాల్వు తెరిచే ఉంచాం.

4వ రోజు: కారదు, కానీ గాలి లాగుతోంది

పొద్దున టిష్యూలన్నీ పొడిగా ఉన్నాయి. పంపు వేయగానే మాత్రం గరగరమని చప్పుడు. తెల్లపైపు వెనక టార్చి పెడితే కార్బన్ తర్వాత బుడగలు గొలుసులా పోతున్నాయి. లీటరు సీసా నిండడానికి 3 నిమిషాల 50 సెకన్లు. 25 లీటర్ల లెక్కన 2 నిమిషాల 24 సెకన్లకు నిండాలి.

ఇది చుక్క కూడా కారని లీకు. పంపుకు ముందున్న పదింటిలో ఏదో ఒకటి, పంపు నడుస్తుంటే బయటి గాలిని లోపలికి లాగుతోంది. ఓ రింగును గుండ్రంగా నొక్కిపట్టేది లోపలి ఒత్తిడే. లోపల ఒత్తిడికి బదులు లాగుడు ఉంటే ఓ రింగు వదులవుతుంది, నీళ్లకు సరిపోయిన జాయింటు గాలికి సరిపోదు. ఇట్లాంటప్పుడు చాలామంది పంపు పోయిందని పంపు మారుస్తారు. కొత్త పంపు కూడా అదే చప్పుడు చేస్తుంది.

పట్టుకోవడానికి బకెట్ పరీక్ష చేశాం. డ్రమ్ములోని శుభ్రమైన నీళ్లు ఒక బకెట్లో పోసి స్టూలు మీద పెట్టి, అరమీటరు కొత్త పైపు ఒక కొస బకెట్లో ముంచి, రెండో కొస నేరుగా 10లో పెట్టాం. పంపు నిశ్శబ్దం. అంటే పంపు మంచిదే. తర్వాత ఒక్కో అడుగు వెనక్కి వచ్చాం. బకెట్ పైపును 6లో, అంటే కార్బన్ ముందు పెడితే నిశ్శబ్దం. 4లో, అంటే సెడిమెంట్ ముందు పెట్టగానే గరగర. తప్పు 4, 5, 6ల మధ్యే. తడి గుడ్డ 5కు చుట్టి పట్టుకుంటే చప్పుడు తగ్గింది, తీస్తే పెరిగింది. విప్పితే ఓ రింగు కింద ఆవగింజలో సగమంత ఎర్ర ఇసుక రేణువు. పైపు దూర్చేటప్పుడు కొసకు అంటుకుని పోయి ఉండాలి. ఆ ఎల్బో మార్చాం. అప్పటి నుంచి పైపు కోసిన వెంటనే కొసను నేల మీద పెట్టకుండా గ్లాసులో నిలబెడుతున్నాం. వరండాలో గాలికి దుమ్ము ఎప్పుడూ లేస్తూనే ఉంటుంది.

చప్పుడు చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. సీసా 3 నిమిషాల 10 సెకన్లు.

5వ రోజు: మూడు సూత్‌ల పైపు

మిగిలిన చప్పుడుకు కారణం జాయింటు కాదు, పైపు సన్నదనం. ఈ మెషిన్‌కు మంచినీళ్లు నిమిషానికి సుమారు 0.4 లీటరు, రిజెక్టు 0.8, మొత్తం 1.2 లీటర్లు కావాలి. పావంగుళం పైపు లోపలి బోలు 4.3 మి.మీ. మాత్రమే. ఆ బోలులో 1.2 లీటర్లు పారితే మీటరుకు సుమారు ముప్పావు మీటరు ఎత్తు రాపిడికే పోతుంది. 9 మీటర్లకు 6.7 మీటర్లు. మన దగ్గర ఉన్న ఎత్తే 4.5. లోటును పంపు తన లాగుడుతో పూడ్చుకోవాలి, ఆ లాగుడే ప్రతి జాయింటు నుంచీ గాలిని పిలుస్తోంది. సెడిమెంట్ క్యాండిల్ మట్టి పట్టినకొద్దీ ఇది పెరుగుతుంది.

3/8 అంగుళం పైపు, అంటే మూడు సూత్‌లది, లోపలి బోలు 6.35 మి.మీ. అదే నీళ్లకు మీటరుకు 12 సెం.మీ. ఎత్తే పోతుంది, 9 మీటర్లకు సుమారు 1.1 మీటర్లు. అంటే బౌలు దగ్గర ఇంకా 3.4 మీటర్ల ఎత్తు మిగులుతుంది. వరండాలోని పొట్టి ముక్కలు అన్నీ కలిపి మీటరు కూడా లేవు, వాటిని పావంగుళంలోనే ఉంచేశాం. మార్చింది 1 నుంచి 2 దాకా ఉన్న పెద్ద పరుగు ఒక్కటే: 3/8 పైపు 10 మీటర్లు, ట్యాంకు వాల్వుకు అరంగుళం మర–3/8 పైపు కనెక్టర్ ఒకటి, బౌలుకు దాని మర కొలతకు సరిపడే ఎల్బో ఒకటి. 3/8 ఫిట్టింగు లోతు ఇక్కడ 20 మి.మీ. వచ్చింది, గీత అక్కడే పెట్టాం.

క్యాండిల్ కూడా మార్చి పంపు వేస్తే చప్పుడు లేదు, బుడగలు లేవు. సీసా 2 నిమిషాల 40 సెకన్లు. 25 లీటర్లు అన్నది తక్కువ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) నీళ్లతో చూసి చెప్పే లెక్క, 1100 టీడీఎస్ బోరు నీళ్లకు 22 రావడం సరిగ్గానే ఉంది.

7వ రోజు: స్లాబు మీద ఎండ

పాత తెల్లపైపు స్లాబు మీద నాలుగు మీటర్లు ఎండలోనే పడి ఉండేది. కోసి చూస్తే లోపల పచ్చగా పాచి, బయట చర్మం పెళుసుబారింది. వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది, ఎండకు ప్లాస్టిక్ పాడవుతుంది, వేడికి మెత్తబడిన పైపు మీద స్టీలు పళ్ల పట్టు సడలుతుంది. మూడింటికీ ఒకటే మందు: కరెంటు వైర్లకు వాడే పీవీసీ కండ్యూట్ పైపు ముప్పావు అంగుళంది వేసి, అందులో నుంచి లాగాం. ఉడుతలు, ఎలుకలు కొరకకుండా కూడా అదే కాపాడుతుంది. కండ్యూట్ మూతి ఫిట్టింగుకు 8 సెం.మీ. ముందే ఆపాం, లేకపోతే దాని అంచు పైపును పక్కకు నెడుతుంది.

మెంబ్రేన్‌కు 45 డిగ్రీలు దాటిన నీళ్లు పోకూడదు. మే నెలలో స్లాబు మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చేతికి కాలుతాయి. ట్యాంకు మీద తాటాకు పందిరి వేయించమని చెప్పాం. పంపు స్విచ్చి పక్కన ‘ఎండాకాలంలో పొద్దున 6 నుంచి 9 మధ్యే నడపాలి’ అని రాసి పెట్టాం. మూడు గంటలకు 66 లీటర్లు వస్తాయి, ఈ బడి పిల్లలకు తాగడానికి సరిపోతాయి.

9వ రోజు: రిజెక్టు పైపు, నీళ్ల పరీక్ష

17వ నంబరు నుంచి వచ్చే రిజెక్టు పైపు కరివేపాకు చెట్టు మొదట్లో పడేది. ఒక వంతు మంచినీళ్లు తీసి రెండు వంతులు వదిలే మెషిన్‌లో వదిలిన నీళ్లు ఒకటిన్నర రెట్లు చిక్కబడతాయి. 2.4 ఫ్లోరైడు సుమారు 3.5 అవుతుంది. ఆ నీళ్లు చెట్టుకు, బర్రెలకు, గిన్నెలు కడగడానికి వద్దు. మరుగుదొడ్ల తొట్టిలోకి మళ్లించాం. ఈ పైపు కొసను తొట్టిలో ముంచకుండా నీటిమట్టానికి అరచెయ్యి పైన కట్టాలి, లేకపోతే మురికినీళ్లు వెనక్కి ఎక్కే ప్రమాదం ఉంది.

డ్రమ్ము నీళ్ల టీడీఎస్ 82. టీడీఎస్ మీటరు ఫ్లోరైడు చెప్పదు, కాబట్టి రెండు సీసాలు, బోరువి ఒకటి, డ్రమ్మువి ఒకటి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాం. ప్లాస్టిక్ సీసాలే వాడాలి, అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపాలి. ఫలితం వచ్చాకే నల్లాల మీది ‘తాగరాదు’ కాగితం తీస్తాం.

10వ రోజు

ఇరవై ఐదు టిష్యూలు మూడు రాత్రులుగా పొడి. బోర్డు కింద ఇప్పుడు తెల్ల టైలు ఒకటి పరిచాం, చుక్క పడితే పిల్లలకే కనిపిస్తుంది. మిగిలిన సామాను ఒక డబ్బాలో వేసి బీరువాలో పెట్టాం: ఎల్బోలు 2, క్లిప్పులు 5, పావంగుళం పైపు 2 మీటర్లు, కట్టర్, గ్రీజు, చాక్‌పీసు ముక్క. డబ్బా మూత లోపల జాయింట్ల బొమ్మ నంబర్లతో, పక్కనే 16 మి.మీ., 20 మి.మీ. అని రాసి అతికించాం. ఇక చేయాల్సినవి రెండు: తాటాకు పందిరి, ప్రయోగశాల ఫలితం.